కొండ నీలి వచ్చిన దారి

అమ్మ పోయిన మరుసటి ఏడాది నన్ను కర్నూలు నుంచి కడపకు బదిలీ చేశారు. డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే ఉద్యోగం నాది. పెళ్లి చేసుకోలేదు. దానికి పెద్ద కథేమీ లేదు. కోడుమూరు దగ్గర మా ఊళ్లో నాన్న పోయాక అమ్మను కర్నూలు తెచ్చుకున్నాను, ఆమెను చూసుకుంటూ ఉండిపోయాను, ఒక వయసు దాటాక సంబంధాలు రావడం ఆగిపోయింది. అంతే.

కడపలో ఒక ఇంటి మేడమీద రెండు గదులు అద్దెకు తీసుకున్నాను. సామాను కంటే ముందు అక్కడికి చేరింది నా మొక్కల ప్రెస్సు. రెండు చెక్క చట్రాలు, వాటి మధ్య పాత పేపర్లు, పేపర్ల మధ్య ఆకులూ కొమ్మలూ, చుట్టూ బిగించే బెల్టులు. మొక్క బూజు పట్టకుండా ఎండాలంటే రోజూ పేపర్లు మార్చాలి. చెమ్మగిల్లిన పేపర్లను మేడమీద తీగకు ఆరేసేదాన్ని. పక్కింటామె కొన్నాళ్లు చూసి, ఉండబట్టలేక, "ఏం మేడం, పాత పేపర్ల యాపారం కూడా చేస్తాండారా?" అని అడిగింది. కాదని చెప్పి, ఏం చేస్తున్నానో వివరించాను. ఆమె మొహమాటంగా తలూపింది. మళ్లీ ఎప్పుడూ ఏమీ అడగలేదు.

శనివారం మధ్యాహ్నం ఆఖరి క్లాసు అయ్యాక సోమవారం పొద్దున మొదటి క్లాసు దాకా ఎవరితోనూ ఒక్క మాటైనా మాట్లాడని వారాలు ఉండేవి. ఆ సంగతి నా గొంతు వల్ల తెలిసింది. సోమవారం నోరు తెరిస్తే మాట బొంగురుగా, ఇంకెవరిదో అన్నట్టు వచ్చేది. అందుకని పాఠం మొదలుపెట్టే ముందు హాజరు నేనే గట్టిగా పిలిచేదాన్ని. పిల్లల పేర్లన్నీ అయ్యేసరికి గొంతు మళ్లీ నాదయ్యేది.

ఆదివారాలు కొండలకు పోవడం అప్పుడే మొదలైంది. దానికి కారణం మా సారు.

సారు పీజీలో నాకు పాఠం చెప్పిన మనిషి. ఆయన జీవితమంతా నీలి మొక్కల మీదే గడిచింది. నీలి అంటే మనవాళ్లకు తెలిసింది ఒకటే, బట్టలకు రంగు తీసే నీలిమందు మొక్క. ఒకప్పుడు మా వైపు చేలల్లో దాన్ని బాగా పండించారు. ఆకును నానబెట్టిన సున్నపు తొట్లు ఇంకా అక్కడక్కడా పగిలి పడి ఉన్నాయి. కానీ ఆ మొక్కకు వందల జాతుల చుట్టాలున్నారు. అందరిదీ చిక్కుడు, కంది, ఉలవల కుటుంబమే. గట్ల మీద నేలను కరుచుకుని పాకేవి కొన్ని, మనిషెత్తు పొదలు కొన్ని. ప్రపంచంలో వేడిగా ఉండే దేశాలన్నిటా ఉన్నాయి, ఎక్కువ భాగం ఆఫ్రికాలో.

ఈ గుంపుకు ఒక గుర్తు ఉంది. సారు దాన్ని మొదటి రోజే మైక్రోస్కోపు కింద చూపించారు. ఆకు మీది వెంట్రుక అన్ని మొక్కల్లోలాగా ఒక కొనతో నిలబడి ఉండదు. నడిమధ్యన అతుక్కుని, రెండు వైపులా కొనలు చాచి, త్రాసు కాడలాగా పడుకుని ఉంటుంది.

"ఈ ఎంటిక ఆఫ్రికాలో చూసినా ఇట్లే ఉంటాది, ఈడ చూసినా ఇట్లే ఉంటాది. నడుమ అంత సముద్రం ఉండాదే, ఎట్ల దాటిందో చెప్పు చూద్దాం" అన్నారు.

తెలియదన్నాను. అప్పుడు భూమి సంగతి చెప్పారు. ఒకప్పుడు ఆఫ్రికా, మన దేశం ఒకే నేల. ఆ నేల పగిలింది. మన ముక్క సముద్రంలో ఉత్తరానికి జరిగింది. దాని మీదున్న మొక్కలు మనతో వచ్చాయి, అవతలి ముక్క మీదవి అక్కడే ఉండిపోయాయి. "తోడబుట్టినోల్లు విడిపోయినట్టు" అని ముగించారు. ఆ తర్వాత పాతికేళ్లు నేను కూడా నా క్లాసుల్లో ఆ పాఠాన్ని అదే మాటతో ముగించాను.

ఆయన నమ్మకానికి ఆధారం, ఎండబెట్టిన మొక్కల్ని అట్టలకు అతికించి దాచే కాలేజీ హెర్బేరియంలో ఉన్న ఒక పాత షీటు. ఎండిన కొమ్మ ఒకటి, నాలుగు కాయలు, మూలన చీటీ. చీటీ మీద వెలిసిపోయిన సిరాతో కడప కొండలు, రాతి సందులు అని మాత్రమే ఉంది. ఎవరు తెచ్చారో, ఏ కొండో తెలియదు. ఆ మొక్క మన దేశంలోని ఏ నీలికీ దగ్గరగా లేదు. కాయ రూపు, ఆకు మొదట ఉండే చిన్న ముల్లు, అన్నీ తూర్పు ఆఫ్రికా ఎడారి అంచుల్లో పెరిగే నీలిలాగా ఉన్నాయి. నేల పగిలినప్పుడు మన వైపు మిగిలిపోయిన మొక్క ఇదేనని సారు నమ్మారు. బతికున్న మొక్కను ఒక్కసారైనా చూడాలని మూడుసార్లు కడప కొండలు ఎక్కారు. దొరకలేదు. తర్వాత గ్లాకోమా వచ్చి కొద్దికొద్దిగా చూపు పోయింది. రిటైరయ్యే నాటికి వెలుగు తప్ప ఏమీ తెలిసేది కాదు.

ఆయన కర్నూలు పాతబస్తీలో వాళ్ల అక్కతో ఉండేవారు. ఇద్దరికీ ఇంకెవరూ లేరు. నేను పెద్దమ్మ అని పిలిచే ఆ అక్కకు తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు. అందుకని నేను కర్నూల్లో ఉన్నన్నాళ్లూ వారం వారం వెళ్లి ఆయనకు జర్నళ్లు చదివి వినిపించేదాన్ని. బదిలీ అయిందని చెప్పడానికి వెళ్తే బాధపడతారనుకున్నాను.

"కడపకా? మంచిదే కదమ్మా. కొండలు దగ్గరైతాయి. నా కండ్లు పోయినాయి, నీవి ఉండాయి కదా" అన్నారు.

అటవీ శాఖ దగ్గర అనుమతి కాగితం తీసుకుని, ఆదివారం పొద్దున్నే బస్సెక్కి, సిద్ధవటం దాటి కొండ కింద ఒక పల్లెలో దిగేదాన్ని. అక్కడ ఒక పగిలిన నీలి తొట్టి ఉండేది. వాన నీళ్లు నిలిస్తే అందులో మేకలు నీళ్లు తాగుతుండేవి. ఆ మేకలు ఒక ముసలామెవి. డెబ్బై దాటి ఉంటాయి. నెత్తిన తువ్వాల, చేతిలో కొక్కెం కట్టిన పొడుగు కర్ర.

మొదటి రోజు నన్ను ఎగాదిగా చూసి, "ఎవురు పాపా నువ్వు? ఓట్లు రాసుకునేదానికి వచ్చినావా?" అంది.

"కాదవ్వా. మొక్కలు చూసేదానికి వచ్చినా."

"మందుకా?"

"మందుకు కాదు. ఒక మొక్క ఈ కొండలో ఉండాదో లేదో చూడల్ల."

"ఉంటే ఏం చేస్తావు?"

"ఉందని రాసుకుంటా."

అవ్వ చాలాసేపు నవ్వింది. నవ్వి, కళ్లు తుడుచుకుని, "శానా మంచి కొలువు పాపా నీది" అంది.

ఫోన్లో పాత షీటు ఫోటో చూపించాను. దూరంగా పెట్టుకుని, దగ్గరగా పెట్టుకుని చూసింది. "ఇది సచ్చినాది కదా పాపా. సచ్చిన మనిషి ఫోటో చూపించి, ఈయన నడక ఎట్లుంటాదో చెప్పమంటే ఎట్ల చెప్తా?"

ఆమె అన్నది నిజమే. షీటు మీది మొక్క చదునుగా, గోధుమ రంగుగా ఉంటుంది. కొండ మీద ఏదీ అలా ఉండదు. దారి పక్కన పాకుతున్న చిన్న నీలిని తుంచి, "ఇట్లాంటిదే, కానీ మోకాలెత్తు ఉంటాది, కాడ గట్టిది, ఆకు అడుగున తెల్లగా ఉంటాది" అని వర్ణించాను.

"నమిలితే ఆకు ఎట్లుంటాది?"

"తెలీదవ్వా."

"మేకలు తింటాయా?"

"అదీ తెలీదు."

"మరి ఏం చదువుకున్నావు పాపా?" ఆమె వెక్కిరించలేదు. నిజంగానే అడిగింది.

ఆ వేసవంతా, ఆ తర్వాత వానల్లోనూ ప్రతి ఆదివారం పోయాను. ఒక్కోసారి అవ్వ నాతో సగం కొండ దాకా వచ్చేది. మేకలతో పొద్దస్తమానం మాట్లాడుతూనే ఉండేది. నల్లదాన్ని తిట్టేది, తెల్లచెవులదాన్ని బుజ్జగించేది. భర్త పోయి చాలా కాలమైందట. కూతుళ్లకు పెళ్లిళ్లయ్యాయి. ఒంటరిగా ఉండటం గురించి ఆమె ఎన్నడూ మాట్లాడలేదు, నేనూ అడగలేదు. సద్దన్నం విప్పినప్పుడు మాత్రం నాకూ ఒక ముద్ద తీసి పక్కన పెట్టేది. నేను తెచ్చుకున్న బిస్కెట్లు మేకలకు వేసేది.

మొక్క దొరకలేదు. అవ్వ నా నంబరు ఒక చీటీ మీద రాయించుకుని, పల్లెలో ఎవరి చేతనో తన చిన్న ఫోన్లో ఎక్కించుకుంది.

అక్టోబరులో ఒక గురువారం, క్లాసులో ఉండగా ఫోన్ మోగింది. బయటికి వచ్చి ఎత్తాను.

"పాపా, నేను మేకలవ్వను. నల్లది రాతి సందులో దిగి ఎక్కలేకపోయినాది. దాన్ని తీసేదానికి నేనూ దిగినా. ఆడ ఏదో ఉండాది. తెల్లాకు, ఎర్రపువ్వు. నీదేనేమో వచ్చి చూసుకో. తొందరగా రా, నల్లది అప్పుడే ఒకదాన్ని తినేసినాది."

శుక్రవారం సెలవు పెట్టి వెళ్లాను. ఎక్కడం రెండు గంటలకు పైనే పట్టింది. అవ్వ చూపించిన చోటు రెండు బండల మధ్య సన్నని చీలిక. కూర్చుని, చేతులు ఆనించి, జారుతూ దిగాలి. అవ్వ ముందు దిగి, నా కాలికి ఆసరాగా కింద కర్ర పట్టుకుంది. మేకలు మామూలుగా అటు పోవు. పోయి ఉంటే అక్కడ ఏమీ మిగిలి ఉండేది కాదు.

పదకొండు మొక్కలున్నాయి. గులకరాళ్లలో వేరు దిగిన పొట్టి పొదలు. ఆకు అడుగున వెండి రంగు. పువ్వు వేలిగోరంత, ఇటుక ఎరుపు. గడ్డిపరకతో పువ్వు కింది రేకును తాకాను. అది బిగించిన స్ప్రింగులా టక్కున కిందికి విడిపోయి, లోపలి పుప్పొడి చిమ్మింది. తేనెటీగ వాలినప్పుడు నీలి పువ్వు చేసే పని అదే. అవ్వ నా చేతిలోంచి పరక తీసుకుని ఇంకో పువ్వును తాకింది, ఇంకోదాన్ని తాకింది. "చూడు, ఎట్ల ఎగిరి పడతాదో! ముట్టుకుంటే కోపం దీనికి" అని చిన్నపిల్లలా మురిసిపోయింది.

జేబులోని భూతద్దంలో ఆకును చూశాను. వెంట్రుకలు పొందికగా పడుకుని ఉన్నాయి, రెండేసి కొనలతో. కాయ అచ్చం షీటు మీద ఉన్నట్టే ఉంది.

నాకు ఎవరికైనా చెప్పాలనిపించింది. ఫోన్ తీశాను. అందులో వందల నంబర్లున్నాయి. ఈ మాట విని సంతోషించే మనిషి నంబరు ఒకటే ఉంది. అక్కడ సిగ్నల్ లేదు. ఒక కొమ్మ, కొన్ని ఆకులు తీసుకుని, కింద తొట్టి దాకా దిగి వచ్చి చేశాను.

పెద్దమ్మ ఎత్తి ఆయనకిచ్చింది. "సార్, దొరికింది" అన్నాను.

"కాయ చెప్పు" అన్నారు. చెప్పాను. "ముల్లు?" చెప్పాను. "ఎన్ని మొక్కలు?" పదకొండు అన్నాను. "నువ్వు జాగ్రత్తగా దిగినావా?" అని అడిగారు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. అమ్మ పోయాక ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు.

ఆదివారం ఆ కొమ్మను తడిగుడ్డలో చుట్టి, టిఫిను డబ్బాలో పెట్టి కర్నూలు తీసుకెళ్లాను. సారు మంచం మీద నిటారుగా కూర్చుని ఎదురుచూస్తున్నారు. తెల్లచొక్కా వేసుకుని, గడ్డం గీయించుకుని ఉన్నారు. కొమ్మను చేతిలో పెట్టాను. బొటనవేలితో కాడను, తర్వాత ఒక్కో ఆకును, తర్వాత ఆకు మొదలునూ తడిమారు. ముల్లు తగిలిన చోట వేలు ఆగింది. ఆకును కింది పెదవికి ఆనించుకుని అటూ ఇటూ కదిపారు. వెంట్రుకలు వేలికి తెలియవు, పెదవికి తెలుస్తాయి. ఆయన ఆ పని చేయడం నేను అంతకుముందు చూడలేదు.

"ఇదే" అన్నారు. "అక్కా, ఇదే."

పెద్దమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. "ఈ కంపకోసమా ఇన్నేండ్లు అంగలార్చినావు?" అంది. మా ముగ్గురికీ నవ్వొచ్చింది. ఆ రోజు ఆ ఇంట్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నాం. నా జీవితంలో అలాంటి ఆదివారాలు ఎక్కువ లేవు.

ఆకును పరీక్షకు పంపమన్నారు సారు. బెంగళూరులో ఒకమ్మాయి చిక్కుడు కుటుంబం మొక్కల డీఎన్‌ఏ చదివి, ఏది దేనికి చుట్టమో, ఎప్పుడు వేరుపడిందో లెక్క కట్టే పని చేస్తోందని నాకు తెలుసు. "పంపు. నేను నోటితో చెప్పింది ఆకు చెప్తాది" అన్నారు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఇలాంటి పరీక్షలు వేరే గుంపుల మీద చాలానే జరిగాయని, ఖండాలు పగిలిన కథ చిక్కుడు కుటుంబానికి సరిపోదని చాలామంది రాస్తున్నారని నాకు తెలుసు. చదివాను. సారుకు చదివి వినిపించాను కూడా. ఆయన వినేవారు, "మన మొక్క ఇంకా చూడలేదు కదా వాళ్లు" అనేవారు. నేనూ అలాగే అనుకున్నాను. అన్నీ తప్పయినా ఈ ఒక్కటి నిజం కావచ్చని. శాస్త్రం చదివిన వాళ్లు అలా అనుకోకూడదు. అనుకున్నాను.

ఆకుల్ని సిలికా జెల్‌లో ఎండబెట్టి పంపాను. ఇక ఆదివారం పొద్దున ఎనిమిదికల్లా సారు ఫోన్ చేసేవారు. "వచ్చిందా?" "ఇంకా లేదు సార్." ఆ తర్వాత అరగంట ఏదో ఒకటి మాట్లాడుకునేవాళ్లం. తుంగభద్రలో నీళ్లు, కాలేజీలో కొత్త ప్రిన్సిపాలు, పెద్దమ్మ మోకాళ్లు. సోమవారాలు నా గొంతు బాగానే వచ్చేది. ఫలితం ఎంత ఆలస్యమైతే అంత మంచిదని లోలోపల ఎక్కడో అనిపించేది.

ఎండాకాలం ముగుస్తుండగా వచ్చింది. నాలుగు పేజీలు. ఆ అమ్మాయి ఓపికగా ఫోన్ చేసి వివరించింది కూడా. సారు అనుకున్న చుట్టరికం నిజమే. మా కొండ నీలికి అందరికంటే దగ్గరి బంధువులు తూర్పు ఆఫ్రికా, అరేబియా ఎండునేలల్లోనే ఉన్నాయి. మన దేశపు మిగతా నీలి మొక్కలు దానికి దూరపు చుట్టాలు. కానీ విడిపోయిన కాలం వేరు. మన నేల ఆఫ్రికాను వదిలి బయలుదేరిన నాటికి నీలి కాదు కదా, చిక్కుడు కుటుంబమే ఇంకా పుట్టలేదు. కోట్ల ఏళ్ల తర్వాత, అరేబియాతో కలిసి ఆఫ్రికా ఆసియాను వచ్చి తాకాక, అడవులు తగ్గి ఎండునేలలు పెరిగాక, ఆ దారిన తరం తర్వాత తరంగా ఇటు వచ్చి ఉండాలి. అరేబియా, సింధు ఎడారి, దక్కను బండలు. నడుమ ఉన్న చుట్టాలు ఒక్కొక్కటే నశించిపోయి, ఈ చివర ఇది మిగిలింది.

ఫోన్ పెట్టేశాక మొదట నాకు తోచింది సారుకు చెప్పకుండా ఉండొచ్చని. ఆయన చదవలేరు. పెద్దమ్మ చదవలేదు. నేను తప్ప చెప్పేవాళ్లు లేరు. రెండు ఆదివారాలు ఇంకా రాలేదని అబద్ధం చెప్పాను. మూడో ఆదివారం బస్సెక్కాను.

పెద్దమ్మ నీళ్లిచ్చి వంటింట్లోకి పోయింది. కాగితాలు తీసి చదవడం మొదలుపెట్టాను. తూర్పు ఆఫ్రికా బంధువుల దగ్గరికి వచ్చేసరికి సారు మోకాలి మీద చేత్తో కొట్టుకుని, "చెప్పలేదా నేను!" అన్నారు. ఆయన ముఖం చూసి నా ధైర్యం చచ్చిపోయింది. కాలం గురించి రాసిన పేరా వదిలేసి ముగింపు చదివాను.

"ఒక పేరా వదిలినావు" అన్నారు.

నేను పేజీ వెనక్కి తిప్పాను.

"చుట్టరికం చెప్పినాక ఎప్పుడు విడిపోయిందో చెప్పల్ల. అది లేకుండా ఎవరూ రాయరు. చదువమ్మా."

చదివాను. మధ్యలో ఆపకుండా, చివర వేసిన తేదీ దాకా. అయ్యాక కాగితాలు మడిచి ఒళ్లో పెట్టుకున్నాను. వంటింట్లో పోపు చిటపటలాడుతోంది. ఆయన కళ్లు నా తల పైన ఎక్కడో నిలిచి ఉన్నాయి.

"రెండు వారాల నుంచి నీ దగ్గర ఉండాదా ఇది?"

"ఉంది సార్."

"ఇంక పోమ్మా. బస్సుకు ఆలస్యమైతాది" అన్నారు.

అప్పుడు పొద్దున పదకొండు గంటలు. అన్నం తిని పొమ్మని పెద్దమ్మ వాకిట్లోకి వచ్చి పిలిచింది. పనుందని చెప్పి వచ్చేశాను.

ఆ తర్వాత ఆదివారం ఎనిమిదింటికి ఫోన్ రాలేదు. నేను చేస్తే పెద్దమ్మ ఎత్తి, పడుకున్నాడని చెప్పింది. మరుసటి వారం కూడా అదే మాట. ఆపేశాను. జూన్, జులై, ఆగస్టు గడిచాయి. పొద్దున ఎనిమిది నుంచి ఎనిమిదిన్నర దాకా ఉండే ఆ అరగంట ఎంత పెద్దదో అప్పుడు తెలిసింది. ఆ వేళకు ఇంట్లో ఉండకూడదని ఆరింటికే బస్సు పట్టుకునేదాన్ని.

ఒకరోజు తొట్టి గట్టు మీద కూర్చుని అవ్వకు ఈ సంగతంతా చెప్పాను. మొక్క ఎక్కడినుంచి వచ్చిందో, సారు ఏమనుకున్నారో, ఏమని తేలిందో. ఆమె మేకల వైపు చూస్తూనే వింది.

"అంత దూరం ఎట్ల వచ్చినాది పాపా? కాళ్లున్నాయా దానికి?"

"ఎవరికీ సరిగ్గా తెలీదవ్వా. గాలికో, వరదకో, కొద్దికొద్దిగా."

"గాలికి రాదు ఆ ఇత్తు. నేను చూసినా కదా, గట్టిది, బరువుగా ఉంటాది. జీవాలు తినింటాయి. అడివి జీవాలు. తిని, నడిచి, ఈడొచ్చి ఏసింటాయి." ఆమెకు అందులో ఆశ్చర్యమేమీ లేదు. "మీ సారు యాంటికి కోపం చేసుకున్నాడు? వచ్చినాదా లేదా అది? ఈడ ఉండాదా లేదా?"

"ఉండాది."

"మరింకేం?" అని లేచి, పొలంలోకి దిగుతున్న నల్లదాన్ని అదిలించడానికి పోయింది.

సెప్టెంబరులో పెద్దమ్మ ఫోన్ చేసింది. "ఏమ్మా, మర్చిపోయినావా మమ్మల్ని? వాడు నిన్ను రమ్మంటాండాడు. పేనా, కాగితం తెచ్చుకోమన్నాడు."

నేను వెళ్లేసరికి సారు కుర్చీలో ఉన్నారు. చిక్కిపోయారు. పలకరింపులేమీ లేకుండా, "హెర్బేరియంలో ఆ షీటు మీద నా చీటీ ఉండాది, గుర్తుందా?" అని అడిగారు.

గుర్తుంది. నేల పగిలినప్పుడు మిగిలిన మొక్క అని సారు తన చేతిరాతతో రాసి, పాత చీటీ కింద అతికించినది. హెర్బేరియం షీటు మీద ఒకసారి అతికించిన చీటీని తీసేయకూడదు. తప్పని తేలినా ఉంచాలి. దాని పక్కన కొత్త చీటీ అతికించాలి. ఆ నియమం నాకు నేర్పింది ఆయనే.

"కొత్త చీటీ రాసుకో" అన్నారు. నేను రాశాను. నా పాత అభిప్రాయం తప్పు. ఈ మొక్క విడిపోయి మిగిలినది కాదు, తర్వాత వచ్చి చేరినది. బతికున్న మొక్కల ఆకు పరీక్ష వల్ల తెలిసింది. అంతవరకు చెప్పి ఆగారు. "బతికున్నదాన్ని చూసినోల్ల పేర్లు రాయి. నీది, ఆ మేకలామెది. ఆమెది ముందు రాయి."

పెన్ను ఆయన చేతికిచ్చి, సంతకం చేసే చోట ఆయన వేలు ఆనించాను. సంతకం మొదలు సరిగ్గానే పడింది. చివర చీటీ అంచు దాటి, కింద పెట్టిన అట్ట మీదికి పోయింది.

"నీ మీద కోపం కాదమ్మా" అన్నారు పెన్ను మూత పెట్టడానికి తడుముకుంటూ. "నలభై ఏండ్లు పిల్లోల్లకు అదే చెప్పినా. వాళ్లు యాడెక్కడ ఉండారో. ఒక్కొక్కర్నీ పిలిచి, అది తప్పంట నాయనా అని చెప్పేదానికి ఐతాదా?"

"నేనూ చెప్పినాను సార్, పాతికేళ్లు."

"నీకు ఇంకా క్లాసులుండాయి. నువ్వు మార్చుకోవచ్చు."

ఆ రోజు అన్నం తిని వచ్చాను. మళ్లీ ఆదివారాలు ఫోన్ వస్తోంది. కానీ మునుపటిలా లేదు. వచ్చిందా అని అడగడానికి ఇప్పుడు ఏమీ లేదు. ఆరోగ్యం అడుగుతారు, వానలు అడుగుతారు, పది నిమిషాల్లో ఇద్దరికీ మాటలు అయిపోతాయి. అయినా పెట్టేయకుండా ఇంకొంచెంసేపు ఊరకే పట్టుకుని ఉంటాం. అవతల ఆయన ఊపిరి వినిపిస్తుంది.

క్లాసులో ఇప్పుడు పాఠం మార్చి చెబుతున్నాను. మొదటిసారి చెప్పిన రోజు ముగింపుకు ఏ మాటా తోచక, గంట కొట్టేదాకా బోర్డు మీద అరేబియా నుంచి దక్కను దాకా గీత గీస్తూ నిలబడ్డాను.

పోయిన ఏడాది ఎండాకాలంలో అవ్వ బండ మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. మేకల్ని అమ్మేశారు. చిన్నకూతురు వచ్చి మైదుకూరు వైపు తమ ఊరికి తీసుకుపోయింది. నేను వెళ్లేసరికి ఇంటికి తాళం ఉంది. చీటీ మీద ఆమె పేరు రాశామని, అది కాలేజీ బీరువాలో ఉంటుందని చెప్పాలనుకున్నాను. ఫోన్లో చెప్పాను. "నా పేరు యాంటికి పాపా, నల్లదాని పేరు రాయల్ల, అది దిగబట్టే కదా" అంది.

మొన్న అక్టోబరులో ఒక్కదాన్నే ఎక్కాను. వానలు తక్కువ. చీలికలోకి దిగడానికి కింద కర్ర పట్టుకునే మనిషి లేక చాలాసేపు పట్టింది. ఎనిమిది మొక్కలు లెక్కపెట్టాను. రెండు పూశాయి. గులకరాళ్ల మీద కూర్చుని నీళ్లు తాగాను. అక్కడ గాలి కూడా రాదు. తేనెటీగ ఒకటి వచ్చి, రెండు పువ్వులూ చూసుకుని పోయింది.

కిందికి దిగాక అవ్వకు ఫోన్ చేశాను. కూతురు ఎత్తి ఆమెకిచ్చింది.

"పూసినాదా?" అంది అవ్వ.

"పూసింది."

"తిన్నావా పాపా ఏమన్నా?"

తిన్నానని చెప్పాను. తినలేదు. బస్సు వచ్చే వేళయింది. రోడ్డు వైపు నడిచాను.